ముందు చక్రానికి బంతిపూల దండ

కొత్త లారీ కొంటే నిమ్మకాయలు తొక్కిస్తాం. ట్రాక్టరుకి బొట్టు పెడతాం. మా రామచంద్రపురంలో రైసుమిల్లు మోటారుకి కూడా దండ వేస్తారు. నేనూ ఆ ఊరి పిల్లనే, పూజ మీద నాకు కోపం లేదు. పూజ పేరు చెప్పి పని చేసుకునే మనిషిని నెట్టేసి, ఆ తర్వాత ఆ మనిషి ఉద్యోగమే ఊడబెరికారే, వాళ్ళ మీద నా కోపం. ఇన్నేళ్ళయినా చల్లారలేదు. చల్లారాలని కూడా నాకు లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన రోజులవి. రాజమండ్రి నుంచి హైదరాబాదుకి మా కంపెనీ కొత్తగా, రెక్కలకి ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం వేసింది. అందులో నేను ఎయిర్ హోస్టెస్‌ని. మొదటి రోజు మధురపూడి ఎయిర్‌పోర్టులో విమానం చుట్టూ పెళ్ళివారి సందడి. మా వైపు నాయకుడొకాయన మొదటి టిక్కెట్టు తీసుకున్నారు. ఆయన వెంట తెల్లచొక్కాల అనుచరులు. పురోహితుడు ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు చక్రం పైనున్న ఇనుప కాలుకి ఇంత లావు బంతిపూల దండ చుట్టారు.

సరిగ్గా అక్కడే ఒక పిన్ను ఉంటుంది. విమానం నేల మీద ఉన్నంతసేపూ చక్రం మడుచుకోకుండా పట్టి ఉంచే పిన్ను. దానికో ఎర్ర రిబ్బను. బయల్దేరే ముందు టెక్నీషియన్ ఆ పిన్ను లాగేసి, చేత్తో పైకెత్తి, అద్దంలోంచి చూస్తున్న కెప్టెన్‌కి చూపించాలి. అది చూశాకే కెప్టెన్ కదలాలి. ఇంత చిన్న పని.

మా టెక్నీషియన్‌ది నిడదవోలు. నడివయసు మనిషి. మాట్లాడడు, మాట్లాడితే విసుక్కుంటాడు. ఆయన పిన్ను కోసం వంగబోతే అక్కడ ఫొటోలు తీస్తున్నారు. "పక్కకి జరగవయ్యా, సార్ కనపడట్లేదు" అంటూ ఒక అనుచరుడు ఆయన భుజం పట్టి నెట్టాడు. నేను మెట్ల మీంచి అరిచాను, "ఆయన్ని పని చేసుకోనివ్వండి బాబూ!" అని. నవ్వారు. ఆయన మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఇద్దరు పట్టుకుని వెనక్కి లాగారు. ఇంతలో మా ఎయిర్‌పోర్టు మేనేజర్ వాచీ చూసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ముహూర్తం దాటిపోతోందమ్మా, కింద అంతా అయిపోయింది. తలుపు వేసెయ్" అన్నాడు.

అంతా అయిపోయిందట! తలుపు వేసేశాను. టెక్నీషియన్ నిలబడాల్సిన చోట మేనేజరే నిలబడి కెప్టెన్‌కి బొటనవేలు ఎత్తి చూపించాడని తర్వాత తెలిసింది. చేతిలో పిన్ను లేదు, వాచీ ఉంది. ఫ్యాన్లు తిరగడం మొదలెట్టాక ఇంక విమానం దగ్గరికి ఎవరూ రాలేరు.

నిమ్మకాయలు తొక్కుకుంటూ సరిగ్గా ముహూర్తానికే లేచాం. లేచాక చక్రాలు లోపలికి వెళ్తే కాళ్ళ కింద హోరు తగ్గుతుంది. ఈసారి అది పూర్తిగా తగ్గలేదు. కెప్టెన్ కాక్‌పిట్ నుంచి ఫోన్లో పిలిచారు.

"ముందు చక్రం పైకి రాలేదమ్మా. ఎర్ర లైటు వెలుగుతోంది. ఎందుకో తెలీకుండా ముందుకెళ్ళను. వెనక్కి దిగుదాం. జనాన్ని సిద్ధం చెయ్యి."

ముందు వరస ఖాళీ చేయించాను. బెల్టులు లాగి చూశాను. కళ్ళజోళ్ళూ పెన్నులూ తీయించాను. నేను చెప్పగానే తల మోకాళ్ళకి ఎలా ఆనించాలో చూపించాను. మొహం మీంచి నవ్వు మాత్రం చెరగనివ్వలేదు. ఒక మామ్మగారు గుప్పిట తెరిచి కొబ్బరిముక్క చూపించారు. "ప్రసాదం తల్లీ, ఇది కూడా ఇచ్చెయ్యాలా?"

"నోట్లో వేసేసుకోండి మామ్మగారూ" అన్నాను.

నాయకుడు గారు మాత్రం బెల్టు పెట్టుకోలేదు. "ముహూర్తం చూసుకుని బయల్దేరి వెనక్కి తిరగడమేంటమ్మా? జనం ఏమనుకుంటారు? ఆ రిపేరేదో హైదరాబాదులో చేయించుకోమని చెప్పు."

"అక్కడ దిగడానికీ ఇదే చక్రం కావాలండి" అన్నాను. అంతకంటే గట్టిగా అనాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇంధనం తగ్గించుకోడానికి గోదావరి మీద చాలాసేపు చుట్లు కొట్టాం. ఆ తర్వాత ఎయిర్‌పోర్టు టవర్ ముందు నుంచి బాగా కిందుగా ఎగిరాం, చక్రం ఎలా ఉందో వాళ్ళు చూసి చెప్పడానికి. కెప్టెన్ మళ్ళీ పిలిచారు. ముందు చక్రం నిటారుగానే ఉందట, దండ ఎప్పుడో ఊడిపోయిందట, ఎర్ర రిబ్బను మాత్రం రెపరెపలాడుతోందట. "పిన్ను తియ్యలేదమ్మా" అన్నారు. పిన్ను ఉంటే చక్రం మడుచుకోదు, దిగడానికి భయం లేదు. నాకు భయం పోయింది. దాని చోట కోపం వచ్చి కూర్చుంది.

అయినా దిగి ఆగేదాకా నమ్మకూడదు కదా. "వంగండి!" అని అరుస్తూనే ఉన్నాను. వెనక చక్రాలు నేలకి తగిలాయి. కెప్టెన్ విమానం ముక్కుని పట్టగలిగినంతసేపు పైకే పట్టి, మెల్లగా దించారు. చక్రం నిలబడింది. మామ్మగారు గట్టిగా ఏడ్చేశారు.

కింద ఫైరింజన్ పక్కన మా మేనేజర్, ఆయన ఎదుట టెక్నీషియన్. తిట్లు మొదలైపోయాయి. కెప్టెన్ దిగుతూనే, "పిన్ను చూడకుండా కదిలింది నేను. రాసుకుంటే నా పేరు రాసుకోండి" అన్నారు. ఎవరూ రాసుకోలేదు. పైలట్‌ని పంపేస్తే విమానం ఆగిపోతుంది, టెక్నీషియన్‌దేముంది, ఇంకొకడు దొరుకుతాడు! కెప్టెన్‌ని హైదరాబాదు నుంచి ఫోనని లోపలికి పిలిచారు. టెక్నీషియన్ మెడలోంచి ఐడీ కార్డు అక్కడే, అందరి ముందూ తీయించారు. ఆయన ఒక్క మాట కూడా విసుక్కోలేదు.

నాయకుడు గారికి మళ్ళీ దండలు పడుతున్నాయి, ప్రాణాలతో దిగినందుకు. తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళాను.

"ఆయన పిన్ను తియ్యబోతే మీవాళ్ళే లాగేశారండి. నా కళ్ళతో చూశాను."

"చిన్న విషయానికి అంత కంగారేంటమ్మా? అతన్ని తీసెయ్యమని చెప్పాను కదా" అన్నారు, నన్ను ఓదారుస్తున్నట్టు.

"మరి మీవాళ్ళనో?"

ఆయన నవ్వారు. "వాళ్ళు నా మనుషులమ్మా."

టెక్నీషియన్ గురించి 'మా మనిషి' అని మా కంపెనీలోనూ ఎవరైనా అంటారేమోనని వెనక్కి తిరిగి చూశాను. మా మేనేజర్ నాయకుడు గారి కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.