దిబ్బ రంగు గోడలు

గోడలకు రంగు పూసి, కుదరబోయే పెండ్లిని చెడగొట్టుకోబోయిన మొగోడు మా కేజీఎఫ్‌లో నేనొక్కడినే. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఇంటిదాని ముందర మాత్రం నవ్వొద్దండి.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చినాక నేను ఎలక్ట్రీషియన్‌గా చేరినాను. ఒకనాడు ఫ్యాను బాగు చేసేదానికి ఒక ఆఫీసరు బంగళాకు పోతే, ఆ గోడలు చూసి నోరు తెరిచినాను. తెలుపు గాదు, పసుపు గాదు, ఎండిన మట్టి మాదిరి వెచ్చని రంగు! గని పనోళ్ళకని వరసగా కట్టిన మా లైనిండ్లకేమో అన్నిటికీ సున్నమే.

ఆదివారం కోలారు నుంచి, నాకు చూసిన పిల్ల అమ్మానాయనా మా ఇల్లు చూసేదానికి వస్తామన్నారు. అమ్మ గౌనిపల్లిలో మామ ఇంటికి పోయి ఉండింది. ఇంగ చూస్కోండి నా తెలివి! డిస్టెంపర్ తెచ్చి, బక్కెట్లో రంగు కలిపి, శనివారమంతా పూసినాను. ఆఫీసరు ఇల్లే మా లైన్లోకి వచ్చేసిందని మురిసిపోయినాను.

తెల్లారి అమ్మ వచ్చింది. గడపలోనే సంచి కింద పడేసింది.

"అయ్యో దేవుడా! కిటికీలు తెరిచిపెట్టి యాడికి పోయినావురా? దిబ్బంతా ఇంట్లోకి వచ్చేసిందే!"

అప్పుడు చూసినాను కిటికీలోనుంచి. బంగారం తీసినాక మిగిలిన రాతిపిండి గుట్ట, మా సైనైడ్ దిబ్బ. గాలికాలంలో ఆ దుమ్ము తుడిచీ తుడిచీ అమ్మ చేతులు అరిగిపోయినాయి. నా గోడలు అచ్చం అదే రంగు!

"అమ్మా, అది దుమ్ము కాదు, రంగు..."

"రంగా? ఊరికే వచ్చి పడేదాన్ని దుడ్డిచ్చి కొన్నావా? మతి ఉండాదా నీకు? వాళ్ళొచ్చేస్తారు, తుడువు!"

తడిగుడ్డ నా మొహాన కొట్టింది. స్టూలెక్కి రుద్దినాను. తడికి రంగు చారలు చారలుగా కారి, గోడ పెద్దపులి మాదిరి అయింది. నా బనీను, జుట్టు, మీసం అంతా దిబ్బే.

"ఏమమ్మా, ఇంట్లో ఉండారా?"

వచ్చేసినారు! స్టూలు మీదే బిగుసుకుపోయినాను. పిల్ల నాయన కండ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తా ఉండాడు.

"పెండ్లికొడుకు యాడమ్మా?"

అమ్మ ఏడుపు మొహంతో నాపక్క వేలు చూపించింది. అయిపోయింది, సంబంధం మా మారికుప్పం స్టేషన్లో రైలెక్కి పోయింది అనుకున్నాను.

పిల్ల తల్లి బుగ్గన వేలు పెట్టుకుంది. "మొగపిల్లోడు గోడ తుడుస్తా ఉండాడా! మా ఆయన తాగిన లోటా కూడా తియ్యడు కదమ్మా!"

నేను నిజం చెప్పబోతే అమ్మ నా కాలు గిల్లింది. "మావాడు అంతేనమ్మా. దుమ్ము కనబడితే నిద్రే పట్టదు వానికి!"

"ఏమండీ, ఈయబ్బాయే మన అల్లుడు. వేరే మాటే వద్దు!"

పెండ్లయింది. ఆ గాలికాలంలో దిబ్బ మీద దుమ్ము లేచింది. మంచం మీద వాలినానో లేదో, నా పెండ్లాం తడిగుడ్డ తెచ్చి చేతిలో పెట్టింది.

"మీకు నిద్ర పట్టదంట కదా?"

ఈ జన్మలో రంగు బ్రష్ ముట్టనని, ఇదిగో, మీ అందరి ఎదుట ఒట్టేస్తా ఉండాను. చెయ్యి చాపి వేద్దామంటే గుడ్డ అడ్డమొస్తా ఉండాది.