బెలార్మినో చెప్పిన చీమల పాఠం

బెలార్మినోకి చీమలంటే మహా గౌరవం. పనంటే మాత్రం దూరం నుంచే దండం.

లిమోన్ రేవు నుంచి కొండవైపు పోయే దారిలో మా ఊరు. దారి పక్కనే ఆయన ఇల్లు. వరండాలో వల ఊయలలో పడుకుని వచ్చేపోయేవాళ్లకి బోధ చేయడమే ఆయన వృత్తి. ఊరి సంఘానికి అధ్యక్షుడు కాబట్టి వినక తప్పేది కాదు.

"ఆ ఆకుచీమల్ని చూడండి! తమకంటే పెద్ద ఆకుని నెత్తిన పెట్టుకుని పోతుంటాయి. ఒక్కటైనా కూర్చుందా? ఇక దీన్ని చూడండి" అని పక్క చెట్టు వైపు చెయ్యి చూపేవాడు. అక్కడ స్లాత్ అనే మందకొడి జంతువొకటి తలకిందులుగా వేలాడుతూ, పొద్దుట మొదలెట్టిన ఆకునే ఇంకా నములుతుండేది. "మా అల్లుడు విల్బెర్త్ దీని తోబుట్టువే!"

అరటితోటలో ఒళ్లు విరిగేలా పనిచేసి వచ్చిన విల్బెర్త్, చేతిలో కత్తి కిందపెట్టకముందే ఈ మాట వినేవాడు.

పెరట్లో నారింజ చెట్ల వెనక ఆకుచీమల పుట్ట పెరిగింది. బెలార్మినో భార్య నిదియా మందు చల్లుతానంది.

"గురువుల మీద మందు చల్లుతావటే?"

"నీ గురువుల కన్ను మన చెట్ల మీదే ఉందయ్యా."

"కష్టపడేవాళ్లు ఎవరికీ చెడు చెయ్యరు. నోర్మూసుకో."

రైతుల్ని కాచే పునీతుడు సాన్ ఇసిద్రో పండక్కి ఫాదర్ గారు తోటలు దీవిస్తారు. ఈసారి దీవెన తన పెరట్లోనేననీ, చీమల మీద తన ఉపన్యాసం కూడా ఉంటుందనీ బెలార్మినో ఊరంతా చాటాడు. తెల్లచొక్కా వేసుకుని ఫాదర్ గారిని వెంటబెట్టుకొచ్చాడు. వెనక మేమంతా.

రాత్రికి రాత్రి నారింజ చెట్లకి ఆకంటూ లేకుండా పోయింది. చీపుళ్లు పాతినట్టున్నాయి. ఆఖరి ఆకుల్ని ఎత్తుకుని చీమలు మా కాళ్ల మధ్య నుంచే ఊరేగింపుగా పోతున్నాయి.

ఫాదర్ గారు దీవించబోయిన చెయ్యి గాల్లోనే ఆపి, "దేన్ని దీవించమంటావు?" అన్నారు.

"ఉపన్యాసం మొదలెట్టు. గురువులు వెళ్లిపోతున్నారు" అంది నిదియా.

అవి ఆయన తండ్రి నాటిన చెట్లు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. నాకూ జాలేసింది, ఒక పూట.

ఆదివారానికి కొత్త బోధ వచ్చింది. "చీమది దురాశ! స్లాత్‌ని చూడండి. కడుపుకి సరిపడా తిని చెట్టుని బతకనిస్తుంది. తృప్తంటే అదీ." దాంతో అల్లుడు కాస్తా ఇల్లు కొరికే చీమైపోయాడు.

వానలకి చర్చి దారిలో కాలవ పూడిపోయింది. అందరూ పారలతో రావాలని అధ్యక్షుల వారు కబురు పెట్టారు. ఒక్కరూ రాలేదు. ఇంటింటికీ వచ్చి చూస్తే అందరం ఊయలల్లో ఉన్నాం.

"ఏంట్రా ఇది?" అన్నాడు అల్లుడితో.

"తృప్తి మావయ్యా! స్లాత్ వారానికోసారే కదా చెట్టు దిగేది. నేను నిన్ననే దిగాను."

స్లాత్ దిగేది దొడ్డికి పోవడానికేనని మా ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు. వీధంతా నవ్వింది.

బెలార్మినో ఒక్కడే పార పట్టాడు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. నిదియా కాఫీ తెచ్చి గట్టు మీద కూర్చుంది. ఆయన తన నడుం పట్టుకుని ఏదో చెప్పబోయాడు.

"ఏ జంతువు గురించీ నాకు చెప్పకు. తవ్వు" అందామె.