ఒంటి చక్రం మీద దిగిన విమానం

కోటగిరి దగ్గర మా ఊరి బయట, కాలువకు ఎగువన, బాపుకు, అంటే మా నాన్నకు, ఒక చెల్క ఉండేది. ఎర్రటి మొరం నేల, గులకరాళ్లతో గట్టిగా ఉండేది. కిందంతా కాలువ పారకం కాబట్టి వరి, చెరుకు పచ్చగా పండేవి. ఈ చెల్కకు మాత్రం నీళ్లు ఎక్కవు. వానలు బాగా పడితే ఒక మూల జొన్న వేసేవాళ్లం, మిగతాది బీడుగానే ఉండేది.

ఎనభైల మొదట్లో, నేను నిజామాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు, చెరుకు తోటలకు రసం పీల్చే పురుగు పట్టింది. ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. తోటలోకి వెళ్లొస్తే బట్టలకు, జుట్టుకు జిగురు అంటుకునేది. తలకు మించి పెరిగిన చెరుకులో వీపున పంపు మోసుకుంటూ మందు కొట్టడం అయ్యే పని కాదు. విమానంతో చల్లిస్తారని కబురొచ్చింది. అది ఎగరడానికీ దిగడానికీ చదునైన నేల కోసం తిరుగుతూ వచ్చినవాళ్లు మా చెల్క చూసి ఆగారు. బాపు సరే అన్నాడు. ముళ్ల కంపలు కొట్టి, రాళ్లు ఏరి, నేల చదును చేశారు. జొన్న చేను పక్కనుంచి కాలువ గట్టు దాకా పొడుగాటి ఎర్రటి బాట తయారైంది.

విమానం నడిపే ఆయన మరాఠీ మనిషి. నలభై దాటి ఉంటాయి. సన్నగా, తక్కువ మాటలతో ఉండేవాడు. మాతో ఉర్దూలో మాట్లాడేవాడు. ఉండడానికి ఊళ్లో వేరే చోటు లేక మా ఇంటి ముందరి గదిలోనే ఉన్నాడు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆయన మాత్రం తమ భాషలో వదినను పిలిచినట్టు "వైనీ" అని పిలిచేవాడు. అవ్వ జొన్నరొట్టె చేసి పెడితే వేడివేడిగా తిని, కంచం తనే కడిగిపెట్టేవాడు. ఆయన వెంట నిజామాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ ఒకతను ఉండేవాడు. మేమంతా అతన్ని అన్నా అనేవాళ్లం.

బతుకమ్మ పండుగ సెలవులకు నేను ఇంటికొచ్చాను. ఆ పొద్దున అవ్వా నేనూ ఆయనకూ మెకానిక్‌కూ చాయ్ పట్టుకుని చెల్కకు వెళ్లాం. అంతకు ముందు రాత్రి పెద్ద వాన కురిసి వెలిసింది. మొరం కాబట్టి నీళ్లు నిలవలేదు, పైన ఆరిపోయింది. కానీ బాట చివర ఒకచోట వరద కోసి చిన్న గుంట చేసింది. అది ఎవరి కంటా పడలేదు.

విమానం మందు నింపుకుని, దుమ్ము లేపుతూ పరుగెత్తింది. లేచే ముందు దడాల్మని చప్పుడైంది. ఒక పక్కకు ఒరిగి, మళ్లీ నిలదొక్కుకుని పైకి లేచింది. దాని వెనకే ఒక చక్రం, విమానానికి సంబంధం లేనట్టు, తనంతట తాను నేల మీద దొర్లుకుంటూ జొన్న చేలోకి పోయి పడింది.

అవ్వ చేతిలోని చాయ్ గిన్నె కింద పెట్టేసింది.

"గది దాని కాలేనా బిడ్డా?" అని అడిగింది.

మెకానిక్ పరుగెత్తిపోయి చక్రం తెచ్చాడు. ఎడమ చక్రం, దాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీతో సహా ఊడొచ్చింది. అతను బాట నడుమ నిలబడి, దాన్ని రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. విమానంలో మాట్లాడే యంత్రమేదీ లేదు. పైనున్న మనిషికి సంగతి చెప్పడానికి అదొక్కటే దారి. విమానం తిరిగొచ్చి అతని మీదుగా తక్కువ ఎత్తులో పోయింది. అద్దం వెనక చెయ్యి లేచింది. చూశానని.

"ఇప్పుడెట్లనే అన్నా?" అన్నాను.

"దిగాలె గద. యాడ దిగుతడో ఆయనే సూస్కుంటడు," అన్నాడు మెకానిక్.

విమానం ముందు దూరంగా బోడగుట్ట మీదికి పోయి, బరువు తగ్గడానికి మందంతా ఒక్కసారిగా వదిలేసింది. తెల్లటి తెర దిగినట్టు కనబడింది. ఆ తర్వాత ఊరి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు పొలాల్లోని వాళ్లంతా చెల్కకు వచ్చేశారు. ఆయన ఒక్కో చోటును చూస్తున్నాడని కింద ఉన్న మాకు కూడా తెలుస్తోంది. నీళ్లు నిలిచిన వరి మళ్ల మీదుగా పోయాడు. కాలువ గట్టు మీది బండ్ల బాట వెంట పోయాడు. దున్ని పెట్టిన నల్లరేగడి మీద వంగి చూశాడు. చెరుకు తోటల మీద మాత్రం చాలాసేపు తిరిగాడు.

బాపు అప్పటికి వచ్చాడు. సంగతి విన్నాడు. కోతకు సిద్ధమవుతున్న మా చెరుకు వైపు చూశాడు.

"నా చెరుకుల దిగుమను. గట్టి నేల మీద పడ్తె మనిషి దక్కుతడా? చెరుకులనైతె పరుపు మీద పడ్డట్టు పడ్తడు. పంట పోతె పోనీ," అన్నాడు.

ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. తలకు చుట్టిన రుమాలు విప్పి, పరుగున పోయి తోట గట్టెక్కి ఊపడం మొదలుపెట్టాడు. ఆ వయసులో బాపు అలా పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. విమానం ఆయన మీదుగా వచ్చింది. చెరుకు పైరు ఆ గాలికి వంగి లేచింది. లోపలి చెయ్యి అడ్డంగా ఊగింది. వద్దని. బాపు అర్థం కాక రుమాలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఈలోగా ఎవరో "బాట మీద గడ్డి పర్సుండ్రి" అన్నారు. అందరికీ అదే సరైనదనిపించింది. దగ్గరి గడ్డివాము నుంచి వరిగడ్డి మోపులు మోపులుగా వచ్చింది. అవ్వా నేనూ కూడా చేతుల నిండా తెచ్చి పరిచాం. బాట నడుమ మెత్తటి పాన్పు తయారవుతోంటే, ఏదో చేస్తున్నామని మాకు కొంచెం ధైర్యం వచ్చింది.

విమానం బాట మీదికి వచ్చింది. మేం దిగుతున్నాడనుకుని పక్కలకు పరుగెత్తాం. కానీ అది గడ్డి దగ్గరకొచ్చి రెక్కలను అటూ ఇటూ విసురుగా ఊపి, మళ్లీ పైకి లేచిపోయింది.

మెకానిక్ గట్టిగా అరిచాడు. "తీసెయ్యుండ్రి! గడ్డి ఒద్దంటున్నడు! మొరం మీదనే దిగుతడట!"

"రాళ్ల మీద మనిషిని పడేస్తవారా?" అని ఒక ముసలామె అతని మీదికి పోయింది.

"పెద్దవ్వా, నీ కాల్మొక్త. ఒక్క చక్రమే ఉన్నది. అది గడ్డిల ఇర్కిందంటే విమానం బోర్ల పడ్తది. తియ్యుండ్రి!"

పరిచిన దానికంటే వేగంగా తీశాం. ఆడవాళ్లు కొంగులతో ఊడ్చారు. ముసలామె కూడా మోకాళ్ల మీద కూర్చుని పోచలు ఏరింది. మగవాళ్లు ఆ గుంటను మొరంతో పూడ్చి కాళ్లతో తొక్కారు. ఆకాశంలో ఆయన పెట్రోలు చాలావరకు కాలిపోయేదాకా తిరుగుతూనే ఉన్నాడు. మేం అంతా పక్కకు జరిగాక ఊరవతలికి పోయి, గాలికి ఎదురుగా తిరిగి, నిదానంగా రావడం మొదలుపెట్టాడు.

బాట అంచు దాటగానే ఆయన ఇంజను ఆపేశాడు. ఇంతసేపూ చెవులు గింగురుమనిపించిన విమానం ఒక్కసారిగా గాలి చప్పుడు మాత్రమే చేస్తూ మా ముందుకు వచ్చింది. కుడి పక్కకు వంగి ఉంది. కుడి చక్రం నేలను తాకింది. వెనక ఉన్న చిన్న చక్రం తాకింది. ఎడమ రెక్క మాత్రం దిగలేదు. కింద ఊతం లేదు, అయినా గాలిలో అట్లాగే నిలిచి ఉంది. అంత బరువును ఒక్క చక్రం మీద నిలబెట్టి, ఒక మనిషి చేత్తో పట్టుకుని తీసుకుపోతున్నట్టు నాకు కనిపించింది. మా ముందు నుంచి పోయింది. ముసలామె ముందు నుంచి పోయింది. వేగం తగ్గేకొద్దీ రెక్క కొంచెం కొంచెంగా వాలింది. చివరకు కొస నేలకు తగిలింది. మందు చల్లే గొట్టాలు పటపటా విరిగాయి. ఎర్రటి దుమ్ము లేచింది. విమానం ఎడమకు గిర్రున తిరిగి, వచ్చిన దారి వైపే ముఖం పెట్టి ఆగింది.

ఎవరూ కదలలేదు. దుమ్ము కొంచెం అణిగాక ఆయన తలుపు తోసుకుని దిగాడు. ముందు చుట్టూ తిరిగి రెక్క చూసుకున్నాడు. మెకానిక్ పోయి ఆయన్ను గట్టిగా కావలించుకుని ఏడ్చాడు. అవ్వ చాయ్ గిన్నె అందుకుంది. అది ఎప్పుడో చల్లారిపోయింది. అయినా ఆయన గటగటా తాగేశాడు.

బాపు తోట గట్టు నుంచి మెల్లగా నడిచి వచ్చాడు.

"సాబ్, నా చెరుకు ఇస్తనంటి గద. ఎందుకు ఒద్దన్నవు?"

ఆయన బాపు చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

దానికి జవాబు సాయంత్రం ఇంట్లో చెప్పాడు. నీళ్లున్న గ్లాసును షాబాదు బండ మీద పెట్టి, పైభాగాన వేలితో తోశాడు. అది జారుకుంటూ పోయింది. తర్వాత అవ్వ కుట్టిన బొంత మీద పెట్టి అట్లాగే తోశాడు. అక్కడే బోర్లపడి నీళ్లన్నీ ఒలికాయి. మెత్తటిది చక్రాన్ని పట్టుకుంటుంది, పైనున్న బరువు ముందుకు పోతుంది, అన్నాడు. చెరుకు పైనుంచి పరుపులా కనబడుతుందట. కానీ ఒక్కో గడ ఒక్కో తాడులా చక్రానికి చుట్టుకుంటుందట. వరి మడి కూడా అంతే. గట్టి నేలైతే విమానాన్ని గీకుతుంది, విరుస్తుంది, కానీ ముందుకు పోనిస్తుంది.

"మరి చెరుకు మీద గంతసేపు ఎందుకు తిరిగినవు?" అని అవ్వ అడిగింది.

ఆయన బాపు వైపు చూశాడు. "మనసు అటే లాగింది, వైనీ," అన్నాడు. "అన్న అక్కడ నిలబడి పిలుస్తున్నాడు. ఎంత మెత్తగా ఉందో. వద్దని చెయ్యి ఊపింది అన్నకు మాత్రమే కాదు."

రొట్టె తుంచబోతే అప్పుడు వణికాయి ఆయన చేతులు. అవ్వ రొట్టె తుంచి, పప్పులో కలిపి, కంచం ఆయన ముందుకు జరిపింది. నేనప్పుడు ఇరవై ఏళ్ల పిల్లను. అంత గట్టి నిర్ణయం తీసుకున్న చేతులే అట్లా వణకడం చూసి, పొద్దున విమానాన్ని చూసినప్పటికంటే ఎక్కువగా నివ్వెరపోయాను.

విమానం రెక్కలు ఊడదీసి లారీ మీద ఎక్కించుకుని బోధన్ వైపు తీసుకుపోయారు. కొన్నాళ్లకు ఆయన మరో విమానంతో వచ్చి మిగిలిన తోటలకు మందు చల్లాడు. ఆ రోజుల్లో బాపు పొద్దున్నే లేచి, ఎవరూ చెప్పకుండానే, చెప్పులు విడిచి బాట ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచేవాడు. కాలి కింద ఎక్కడైనా నేల మెత్తగా దిగినట్టు అనిపిస్తే అక్కడే కూర్చుని చేత్తో మొరం తెచ్చి పోసి, అరచేత్తో చరిచి గట్టిచేసేవాడు.