సగిలేటి ఇసుక ఎత్తిన వేసవి

మూసీ వంతెన మీద బండ్లు ఆగిపోతే, కారు అద్దాలు బిగించుకున్నా ఆ వాసన లోపలికి వస్తుంది. సబ్బు నురగ, మురుగు, ఏవో మందులు అన్నీ కలిసి కుళ్లిన వాసన. గట్టి వాన కురిసిన మర్నాడు కాస్త తగ్గుతుంది, రెండో రోజుకు మళ్లీ మామూలే. మా మనవరాలు ఆదివారాలు రబ్బరు తొడుగులు వేసుకుని, స్నేహితులతో కలిసి ఆ గట్టున చెత్త ఏరి వస్తుంది. "ఎన్ని వారాలు ఏరినా అంతే ఉంది నానమ్మా" అని మొన్న కుర్చీలో కూలబడింది. నేను ఎనభై దాటినదాన్ని. ఏటిని బాగుచేయడమంటే ఏందో తొమ్మిదేళ్ల వయసులోనే చూసినాను.

మాది గిద్దలూరు. అప్పుడు అది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. ఊరి పక్కనే సగిలేరు. వానాకాలంలో నల్లమల నుంచి ఎర్రటి నీళ్లు మోసుకొచ్చి, సంక్రాంతి దాటేసరికి సన్నటి పాయగా మిగిలి, ఉగాదికి ఒట్టి ఇసుకగా మారిపోయేది. అయినా ఏరు ఎండిపోయిందని ఎవరూ అనేవాళ్లు కాదు. ఇసుకలో మోచేతి లోతు తవ్వితే నీళ్లు ఊరేవి. అదే చెలమ. ముందు వచ్చిన బురదనీళ్లను కొబ్బరిచిప్పతో తోడి పారబోసి కాసేపు కూర్చుంటే, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకునేంత తేటగా, పంటి చిగుళ్లు జివ్వుమనేంత చల్లగా నీళ్లు నిండేవి. మేం ఆడపిల్లలం పొద్దు వాలినాక అక్కడే గుజ్జనగూళ్లు ఆడుకునేవాళ్లం. అడవి నుంచి చెంచులు తెచ్చిన పరికిపండ్లు ఒళ్లో పోసుకుని, గింజలు ఎవరు ఎంత దూరం ఊస్తారా అని పందేలు వేసుకునేవాళ్లం.

మా ఇంట్లో బావి ఉండేది. దిగువ వీధిలో లేదు. ఆ వీధి వాళ్లందరికీ చెలమ నీళ్లే ఆధారం.

నాయనది నూలు దుకాణం. మగ్గాల వాళ్లకు నూలు అమ్మేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, రంగు వేసిన నూలుకు గిరాకీ బాగుందని ఏటి ఒడ్డునే, చెలమలకు ఎగువన, రేకుల షెడ్డు వేయించినాడు. పెద్ద పెద్ద రాగి కాగుల్లో నీళ్లు కాగుతుంటే, రైల్లో వచ్చిన డబ్బాల్లోంచి రంగుపొడి పోసి, నూలు ముంచి, కర్రలకు ఆరేసేవాళ్లు. ఎర్రటి, నల్లటి, ఆకుపచ్చటి నూలు గాలికి ఊగుతుంటే మాకు అది తిరునాళ్ల మాదిరి కనిపించేది. మిగిలిన నీళ్లు కాలవ గుండా ఇసుకలోకి వదిలేవాళ్లు. ఇసుక అన్నిటినీ తాగేస్తుందని నాయన నమ్మకం.

మరుసటేడు శ్రీరామనవమికి దిగువ వీధి పందిట్లో పానకం కలిపినారు. ఏటేటా బెల్లం, మిరియాలు, ఏలక్కాయల వాసన వీధి మొదట్లోనే ముక్కుకు తగిలేది. ఆ ఏడు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే తుప్పు వాసన కొట్టింది. పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయన పందిరికి చందా ఇచ్చినాడు, అక్కడే కూర్చుని ఉన్నాడు.

ఆ ఎండల్లోనే ఆ వీధిలో ఉండే చెన్నమ్మత్త చంటిపిల్ల విరేచనాలతో పోయింది. నీళ్ల వల్లనా, వేరే జబ్బా, తేల్చి చెప్పేవాళ్లు లేరు. మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, పరామర్శకు పోతూ నన్నూ తీసుకుపోయింది. చెన్నమ్మత్త గోడకు ఆనుకుని కూర్చునింది. అవ్వను చూసి ఏడవలేదు.

"ఆ నీళ్లు పట్టొద్దంటున్నారు అవ్వా. మాకు బాయి యాడుంది? ఇంగేం తాగాల?" అనింది.

అవ్వ నన్ను తీసుకుని ఇంటికి వచ్చింది. మరుసటి పొద్దున ఇత్తడి బిందె చంకన పెట్టుకుని, అరవై ఐదేళ్ల మనిషి, ఏటికి పోయి చెలమ నీళ్లు తెచ్చుకునింది. ఇంట్లో బావి ఉండగా ఇదేందని నాయన అడిగినాడు.

"ఆ వీధోళ్లు తాగే నీళ్లే నేనూ తాగుతా."

"ఊళ్లో నా పరువు తీస్తావా అమ్మా?"

"నీ పరువు సంగతి నాకు తెలీదు నాయనా. నీళ్ల సంగతి చూడు."

నాలుగు రోజులు అవే తాగింది. ఐదో రోజు పడిపోయింది. వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయినాయి. కాంపౌండరు వచ్చి మందు ఇచ్చి, నీళ్లు బాగా తాగించమన్నాడు. మా అమ్మ బావి నీళ్లు కాచి తెస్తే అవ్వ పెదాలు బిగించుకునింది. చివరికి నాయనే బిందె తీసుకుని ఏటికి పోయినాడు. వెనకే నేను పోయినాను. ఎప్పుడూ బిందె ఎత్తి ఎరగని మనిషి మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతుంటే, ఊరిన నీళ్ల చుట్టూ ఎర్రటి అంచు కట్టింది. కొంచెం దూరంలో చెన్నమ్మత్త నీళ్లు తోడుకుంటా ఉంది.

"ఆడ నురగ ఎక్కువ, అన్నా. ఇంగా కిందికి తవ్వుకో" అనింది. కోపంగా కాదు, కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పినట్ల చెప్పింది.

నాయన ఆ నీళ్లు అక్కడే పారబోసి, ఖాళీ బిందెతో వచ్చి అవ్వ మంచం పక్కన కూర్చున్నాడు.

"షెడ్డు ఆపేస్తా. రంగునీళ్లకు మన చేలో గుంత తవ్విస్తా. ఇప్పుడన్నా బాయి నీళ్లు తాగమ్మా."

"ముందు కాగుల కింద మంట ఆర్పించి రాపో. తాగుతా."

ఆర్పించి వచ్చినాక తాగింది. బతికింది.

ఆ తరవాత పది రోజులు ఇసుక ఎత్తినాం. షెడ్డులో పనివాళ్లు, దిగువ వీధి ఆడవాళ్లు, నాయన, మేం పిల్లలం. నల్లబడిన ఇసుకను పారలతో తోడి, గంపలకెత్తి, ఎద్దులబండ్ల మీద చేలో గుంతకు తోలినాం. మధ్యాహ్నానికి కొర్రన్నం, పచ్చిపులుసు వచ్చేవి. నాయన అరచేతుల్లో బొబ్బలు చిట్లి, అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాడు. ఎంత ఎత్తినా కింది ఇసుక ఎర్రగానే ఉండేది. పదో రోజు అందరం అలిసిపోయి ఎవరిళ్లకు వాళ్లు పోయినాం. నీళ్లు తేటపడింది మేం ఎత్తినందుకు కాదు, ఆశ్వయుజంలో పెద్ద ఏరు వచ్చి కొత్త ఇసుక పరిచినందుకు. అప్పటిదాకా దిగువ వీధి వాళ్లు మా బావిలోనే తోడుకున్నారు. చెన్నమ్మత్త కూడా వచ్చేది. నాయన ఉన్నంతసేపు చేద ముట్టుకునేది కాదు.

షెడ్డు మళ్లీ నడిచినా రంగునీళ్లు ఏటికి పోకుండా, అవ్వ ఉన్నన్నాళ్లు ఆ గుంతకు ఏటేటా పూడిక తీయించింది. ఆమె పోయినాక ఒడ్డున ఇంకో రెండు షెడ్లు లేచినాయి. రంగునీళ్లు ఏట్లోకి వదలొద్దని నాయన పోయి ఆ షెడ్ల వాళ్లకు చెప్పినాడు. "ఈ పని మొదలుపెట్టింది మీరే గదా" అన్నారంట. ఇంటికొచ్చి భోజనం చేయకుండా పడుకున్నాడు. మూడు నెలలకు మా షెడ్డు శాశ్వతంగా మూసేసినాడు. మిగిలిన రెండూ నడిచినాయి.

పోయినేడు బంధువుల పెళ్లికి గిద్దలూరు పోయినప్పుడు ఏటి దగ్గర కారు ఆపించినాను. షెడ్లు ఎప్పుడో పడిపోయినాయి. దిగువ వీధి పేరు మారింది, మగ్గాల చప్పుడు లేదు. ఇసుకంతా ట్రాక్టర్లు తోలుకుపోయినాయి. గట్టి బంకమన్ను, ముళ్లకంప, ఊరి మురుగు పారే సన్నటి గాడి మిగిలినాయి. ఒకచోట కాస్త ఇసుక కనిపిస్తే కూర్చుని చేత్తో తవ్వినాను. నాలుగు వేళ్ల లోతులో గోర్లకు రాయి తగిలింది.

మేకలు తోలుకుపోతున్న ఒక ఆడమనిషి ఆగింది.

"ఏమన్నా పడిపోయిందా అవ్వా?"

"నీళ్లు చూస్తున్నానమ్మా."

"నీళ్లకైతే రోడ్డు మీద ప్లాంటు కాడికి పోవాల. ఈడ యాడుంటాయి?" అని, నా చెయ్యి పట్టుకుని పైకి లేపింది.