ఇరవైని ముప్పై చేసిన ఫార్మాట్

నాకు పాత కంప్యూటర్ల పిచ్చి. నిరుడు కారేపల్లిలో మా బాబాయి ఫొటో స్టూడియోలో కూర్చుని, ఇరవై ఎంబీల పాతకాలపు హార్డ్ డిస్క్‌కు దాన్ని నడిపే కంట్రోలర్ కార్డు వేరేది పెట్టి ఫార్మాట్ చేస్తే ముప్పై ఎంబీలు వచ్చాయని చెప్పాను. అది ఆ కాలపు డిస్కులకే కుదురుతుందనీ, కార్డు మార్చాలనీ, లోపల ఉన్నవన్నీ పోతాయనీ కూడా చెప్పాను.

బాబాయి మొదటి మాటే విన్నాడు. నిండిపోయిన స్టూడియో డిస్కును తనే ఫార్మాట్ చేసేశాడు.

వారానికి ములకలపల్లి నుంచి ఒకామె తన పెళ్లి ఫొటోల కోసం వచ్చింది. బాబాయి నన్ను పిలిపించి, ఆమె ముందే వేలు చూపాడు.

"ఫొటోలు పోయినయమ్మా. గీ ఇంజనీరే చెప్పిండు, మిర్చి బస్తా తొక్కితే ఇంకింత పట్టినట్టు పడతదని."

"గట్లని నేనెప్పుడు చెప్పిన బాబాయ్?" నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె నా వైపు తిరిగింది. "పెళ్లయినంక మా నాయన పోయిండు తమ్మీ. ఆయన నవ్విన ఫొటో గదొక్కటే."

డిస్కు ఇంటికి తెచ్చి, చెరిగిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టాను. సగం ఫొటోలు రాలేదు. వాళ్ల నాయన ఫొటో వచ్చింది.

స్టూడియోలో ఆమె దాని ప్రింటును కళ్లకు అద్దుకుంటుంటే బాబాయి అందుకున్నాడు. "చూసినవా అమ్మా, మన డిస్క్‌ల ఏదీ పోదు!"

ఆ మాట మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఇప్పుడు ఎవరైనా డిస్కు ఫార్మాట్ చేయమంటే, లోపల ఎవరున్నారని ముందు అడుగుతున్నాను.