ఉత్తరకాంతి కింద ఆయన పేరు

ఐటీ ఉద్యోగాలు ఊపుమీదున్న రోజుల్లో మా కాపురం సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్‌లో. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. డిపెండెంట్ పాస్ మీద వెళ్ళిన నేను, ఇంట్లో తోచక, కమ్యూనిటీ క్లబ్‌లో ఫొటోగ్రఫీ నేర్చుకున్నాను. ఆయనకు కెమెరాలో రీలు ఎక్కించడం కూడా రాదు. ఈ మాట ముందే చెప్పి తీరాలి.

ఒక చలికాలం కంపెనీ ఆయన్ని ఫిన్లాండ్ ఉత్తరాన ఒక ఊరికి పంపింది. నేనూ వెళ్ళాను. అక్కడ మధ్యాహ్నానికే చీకటి. ఒక సాయంత్రం, అక్కడి ఆకాశంలో కనిపించే ఉత్తరకాంతిని ఫొటో తీయాలని అద్దె కారులో ఊరు దాటి, గడ్డకట్టిన చెరువు పక్కన ఆగాం. మోకాలి లోతు మంచులో ట్రైపాడ్ నిలబెట్టాను. గ్లౌజులతో బటన్ అందదు. తీస్తే లోహం వేళ్ళకు అతుక్కుంటుంది. ఊపిరి తగిలి కెమెరా అద్దం మసకబారితే స్కార్ఫు కొసతో తుడిచాను. ఆకాశంలో పాలిపోయిన పొగలాంటిదేదో కదిలింది. షటర్ తెరిచి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ బిగుసుకుని నిలబడ్డాను. ఆయన కార్లో హీటర్ వేసుకుని కూర్చుని, అద్దం కాస్త దించి అడిగారు.

“ఇంకా అవలేదా? ఆకలేస్తోంది.”

సింగపూర్ వచ్చి రీలు కడిగిస్తే, ఒక్క ఫొటోలో ఆ పొగంతా ఆకుపచ్చ తెరలా విప్పుకుంది. కింద మంచు మీద కూడా దాని వెలుగు. స్టూడియో ముందే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

ఆ ఏడే సింగపూర్‌లోనే సెరంగూన్ పేటలో తెలుగువాళ్ళు ఫొటోల ప్రదర్శన పెట్టారు. “నేనిచ్చేస్తాలే” అని నా ఫొటోను మా ఆయనే పట్టుకెళ్ళారు. ప్రదర్శన రోజు వెళ్ళి చూస్తే నా ఫొటో కింద ఆయన పేరు! చుట్టూ జనం. మధ్యలో ఆయన చెబుతున్నారు: “ఏం చలండీ బాబూ! వేళ్ళు కొంకర్లు పోయాయంటే నమ్మండి.”

ఫొటో సరే, నా చలి కూడా ఆయనదైపోయింది.

“అప్పుడు మీరు కార్లో ఉన్నారు కదా?” అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన మొహం మాడిపోయింది. ప్రదర్శన చూసుకుంటున్న అంకుల్ నవ్వుతూ అడ్డొచ్చారు.

“గింత దానికి లొల్లి ఎందుకమ్మా? హస్బెండ్ అండ్ వైఫ్ ఒకటే కదా.”

“ఒకటే అయితే నా పేరు రాయండి అంకుల్.”

“ఇప్పుడెట్ల? అన్నీ ప్రింట్ అయిపోయినయి. నెక్స్ట్ టైమ్ చూద్దాం లే.”

ఆ నవ్వు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫ్రేమ్ గోడ మీంచి తీసి, చంకలో పెట్టుకుని బయటికి నడిచాను. ఎవరూ ఆపలేదు.

నా వెనకే వచ్చి ట్రైన్ ఎక్కిన ఆయన అన్నారు.

“నలుగురిలో పరువు తీశావు. ఎవరు తీస్తే ఏంటి, మనింటి ఫొటోయేగా?”

“వేళ్ళు నావి,” అన్నాను.

ఆ ఫొటో మా హాల్లో పెట్టాను. అబద్ధం మళ్ళీ చెప్పలేదు ఆయన, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే మాత్రం, “మా ఆవిడేలెండి, ఏదో సరదాగా తీసింది” అంటారు.

సరదాగానట!