చనిపోయిన ఆపరేటర్ లాగిన్

1998లో ఆత్మకూరులో ఒక కాంట్రాక్టర్ దగ్గర సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేశాను. ఉదయగిరి, వరికుంటపాడు మండలాల రేషన్ కార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రభుత్వ పని మాది. ఒప్పందంలో గట్టి షరతు ఒకటి ఉండేది. ప్రతి ఆపరేటర్‌కీ సొంత లాగిన్, అంటే కంప్యూటర్ గుర్తుపట్టే పేరూ పాస్‌వర్డూ ఉండాలి. మనిషి మానేసిన రోజే దాన్ని మూసేయాలి. లేదంటే కాంట్రాక్ట్ రద్దు, పైగా కేసు.

మా ఆపరేటర్ ప్రకాశం బస్సు ప్రమాదంలో పోయాడు. లాగిన్ తీసేస్తానంటే యజమాని ఒప్పుకోలేదు. "చర్చిలో జ్ఞాపకార్థ కూడిక కానీయవయ్యా. అప్పుడే పేరు తుడిచేస్తే ఏం బాగుంటాది?" అన్నాడు. షరతులకు కూడికలతో పనేమిటని నాకు ఒళ్లు మండింది.

కూడిక కాకముందే ప్రకాశం మళ్లీ పనిలోకి వచ్చాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, సిస్టమ్ లోపల ఎవరున్నారో నా స్క్రీన్ మీద చూస్తే ఆయన పేరు కనిపించింది. వరికుంటపాడు కార్డులు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. ఇంటిపేరు తర్వాత రెండు ఖాళీలు వదలడం ఆయన అలవాటు. ఇక్కడా రెండేసి ఖాళీలు. సాయంత్రం రిపోర్టులో ఆ పేరు చూసిన ఆపరేటర్లు ఆయన కూర్చునే మూల మెషీన్ వైపు వెళ్లడం మానేశారు.

"ఆయన యాడికీ పోలేదు సార్. ఈడనే ఉండాడు" అంది ఒకమ్మాయి.

ఇంతలో తనిఖీకి వస్తున్నామని ప్రభుత్వ అధికారుల నుంచి కబురొచ్చింది. చనిపోయినవాడు కార్డులు ఎక్కిస్తున్నాడని వాళ్లకు చెబితే ఇంకేమైనా ఉందా? మర్నాడు భోజనాల వేళ ఆ మూలకు నడిచాను. హాలు ఖాళీ. కీబోర్డు చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పార్టిషన్ వెనక్కి తొంగి చూశాను.

సలోమి. ప్రకాశం భార్య. ఆయన పోయాక యజమాని ఆమెను ఆపరేటర్‌గా పెట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది?"

"బతికుండగా ఆయనే నాకు ఈ పని నేర్పినాడు సార్, పేరు తర్వాత రెండు ఖాళీలతో సహా. పాస్‌వర్డూ అప్పుడే చెప్పినాడు. పెళ్లయిన కాణ్నించీ ఆయన పేరు నోటితో అనలా. అనకూడదంటారు గదా. ఇప్పుడు రోజూ వేళ్లతో కొడతా ఉండాను. కొట్టంగానే మిషన్ ఆయన్ని లోపలికి రానిస్తాది."

అయినా చెప్పక తప్పలేదు.

"రేపు ఈ కార్డుల్లో తప్పు దొరికితే ఎవర్ని పిలవాలమ్మా? ఆయన వచ్చి జవాబు చెప్పలేడు. నీ మీద కేసు పెడతారు. అందరి పనీ పోతుంది."

ఆమె లేచి కుర్చీ వదిలింది. యజమానిని అడగకుండానే లాగిన్ మూసేశాను. ఆ కార్డులన్నీ సలోమి తన పేరుతో మళ్లీ సరిచూసింది. జరిగిందంతా యజమాని చేత తనిఖీ అధికారులకు చెప్పించాను. నానా చీవాట్లూ పెట్టి, హెచ్చరించి వదిలారు.

వాళ్లు వెళ్లాక సలోమి తన ఇంటి రేషన్ కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కుటుంబ పెద్ద ప్రకాశం అని ఉంది.

"ఆయన పేరు తీసెయ్యాల. మన కార్డు మనం ముట్టుకోకూడదని ఆ షరతుల్లోనే ఉండాది గదా. మీరే కొట్టండి సార్."

నిజమే, ఆ షరతూ ఉంది. లాగిన్ అంటే జవాబుదారీ అని అందరికీ పాఠాలు చెప్పేవాణ్ని. దాని బరువు నాకు ఆ రోజే తెలిసింది. ప్రకాశం పేరు నేనే తీసేశాను. ఎవరు తీశారని అడిగితే కంప్యూటర్ నా పేరే చెబుతుంది.